గ్రహణం మీద వేసిన నింద

తిరుపతి,
27 జనవరి 1980

అక్కకు దామోదరం నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఆనంద గురించి బెంగ పెట్టుకోవద్దు. మా ఇంట్లో సొంత కూతురిలాగే ఉంది. పొద్దున ఏడున్నరకు నాతోపాటే రేణిగుంట బస్సెక్కుతుంది, సాయంత్రం నాతోనే దిగుతుంది. మీ మరదలికి ఇప్పుడు నా మాటకంటే దాని మాటే ఎక్కువ.

"ఇంతకీ నా బిడ్డ చేసే పనేమిటి?" అని అడిగావు. రేడియోల్లో కరెంటును అదుపులో పెట్టే చిన్న చిన్న భాగాలుంటాయి. గోరంత పింగాణీ బిళ్ళ, దాని మీద నల్లటి పూత. ఆ పూత పిసరంత ఎక్కువైనా లెక్క తప్పుతుంది. ఎక్కువైనదాన్ని లేజర్ కిరణంతో గీకి సరిచేస్తాం. ఆనంద కూర్చునేది ఆ యంత్రం దగ్గరే. జర్మనీ నుంచి వచ్చింది. జిల్లా మొత్తంలో ఇలాంటిది ఇంకొకటి లేదని మా యజమాని పరంధామయ్య గారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు.

ఆ కిరణం కంటికి కనిపించదు. అందుకే దానికి కట్టుబాట్లు ఎక్కువ. మూత వేస్తేనే కిరణం వస్తుంది. మూత ఎత్తగానే కింద ఉన్న స్విచ్ దాన్ని ఆపేస్తుంది. రోజూ పొద్దున ఆ స్విచ్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించి రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఈ కిరణం కోసం మన దేశంలో వేరే చట్టం ఉన్నట్టు నాకు తెలియదు. యంత్రంతో వచ్చిన పుస్తకమే మాకు చట్టం. ఆ సంతకం పెట్టేది ఎవరనుకున్నావు? ఎస్.ఎస్.ఎల్.సి. లెక్కల్లో రెండుసార్లు తప్పిన నీ తమ్ముడే.

బెంగుళూరు కంపెనీ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. ఏప్రిల్ ఆఖరుకల్లా ఇవ్వాలి. రోజుకు ఆరువందల బిళ్ళలు చేసేవాళ్ళం, ఇప్పుడు తొమ్మిది వందలు దాటించాను. దానికి నేనొక చిన్న ఉపాయం కనిపెట్టాను. పరంధామయ్య గారు అందరి ముందూ, "దామోదరం, నువ్వు ఇంజినీరు కావాల్సినోడివప్పా!" అన్నారు. ఆ ఉపాయమేమిటో అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను. రాస్తే అర్థం కాదు.

బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
దామోదరం

*

చిత్తూరు,
6 ఫిబ్రవరి 1980

దామూకు అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరాన్ని మా బడిలో తక్కిన టీచర్లకు కూడా చదివి వినిపించాను. కంటికి కనిపించని కిరణమంటే ఎవరూ నమ్మలేదు. "మీ తమ్ముడు కతలు సెప్తా ఉండాడు మునిరత్నమ్మా" అన్నారు. నాకు మాత్రం గర్వంగానే ఉంది. మూత, స్విచ్ సంగతి చదివాక మనసు కుదుటపడింది. ఎవరో ఒకరు రోజూ చూసి సంతకం పెడుతున్నారంటే, అందులోనూ అది నువ్వే అంటే, ఇంకేం కావాలి.

పదహారో తేదీ శనివారం సూర్యగ్రహణం. గుడి తలుపులు వేస్తారు కాబట్టి మీ బావ కూడా కాణిపాకంలో టెంకాయల అంగడి మూసి ఇంటికొచ్చేస్తానంటున్నాడు. ఆనందను ఆ మధ్యాహ్నం బయటికి పంపొద్దు. వట్టి కంటితో చూస్తే చూపు పోతుందని పత్రికల్లో కూడా రాస్తున్నారు. మీ మేనకోడలి సంగతి నీకు తెలుసు. వద్దన్న పని చేసి చూడాలనుకునే రకం. పక్కన కూర్చోబెట్టుకో.

మీ అక్క
మునిరత్నమ్మ

*

తిరుపతి,
21 ఫిబ్రవరి 1980

అక్కా,

రేపు ఆనందను చిత్తూరు బస్సెక్కిస్తున్నాను. భయపడాల్సింది ఏమీ లేదు. మూడు రోజులుగా కుడి కంట్లో ఏదో మచ్చ అడ్డం వస్తోందంటోంది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీళ్ళు కారడమూ లేదు. సన్నటి పని కదా, కళ్ళు అలసిపోయి ఉంటాయి. ఆర్డరు హడావిడిలో నేనే దానికి సెలవు ఇవ్వలేకపోయాను. నాలుగు రోజులు నీ దగ్గర ఉంటే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఎవరికైనా చూపించు.

నేను కూడా రావాల్సింది. పనిలో కుదరలేదు.

దామోదరం

*

చిత్తూరు,
4 మార్చి 1980

దామూ,

మచ్చ పోలేదు. ఇక్కడి డాక్టరు చూసి వేలూరు తీసుకెళ్ళమన్నాడు. శనివారం నేనూ మీ బావా తీసుకెళ్ళాం.

కంట్లో చుక్కలు వేసి, చీకటి గదిలో కూర్చోబెట్టి, దీపం పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత డాక్టరమ్మ దాని చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, గ్రహణం సూసినావా?" అంది.

"లేదు మేడం. ఆ పొద్దు మామా, అత్తా, నేనూ తలుపులేసుకుని లోపలే ఉన్న్యాము."

"గ్రహణమైనంక ఇట్లా కాలిన కండ్లతో ఏడుగురు వచ్చినారు నా దగ్గరికి. అందరూ మొదట లేదనే సెప్పినారు."

కంటి వెనకాల తెర నట్టనడుమ కాలిపోయిందట. దానికి మందు లేదు. చుట్టూ అంచుల్లో చూపు ఉంటుంది, నడుమ ఇక రాదు. ఇవన్నీ ఆమె నెమ్మదిగా, ఒక్కొక్కటే చెప్పింది. పనిలో ఏమైనా తగిలిందా అని కూడా అడిగింది. ఆనంద తల దించుకుని "ఏమీ లేదు" అంది. నేనే నువ్వు రాసిన మూత సంగతి, స్విచ్ సంగతి చెప్పాను. "అన్నీ అంత బాగా పెట్టుకోనుంటే దానివల్ల కాదులెండి" అని డాక్టరమ్మ చీటీ మీద గ్రహణమనే రాసింది.

ఇంటికొచ్చినప్పటి నుంచి మీ బావ ఒకటే మాట. "ఎందుకుమా అబద్దం? సూసినా అని సెప్పు. నేనేమీ అనను." అది చెప్పదు. మూడు రోజుల నుంచి ఆయన దానితో మాట్లాడటం మానేశాడు. నేనూ దాన్ని గట్టిగానే అడిగాను. నిన్న అది ఎడమ కన్ను చేత్తో మూసుకుని నా వంక చూసి, "అమ్మా, నీ సెవులు కనబడతా ఉండాయి. మొగం లేదు" అంది.

గ్రహణం నాటి శనివారం నువ్వు ఇంట్లోనే ఉన్నావు. అది బయటికి వెళ్ళిందా, లేదా? ఒక్క ముక్క రాయి. నువ్వు ఏది రాస్తే అదే నమ్ముతాం.

అక్క

*

తిరుపతి,
10 మార్చి 1980

అక్కా,

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనం చేసి నేను నిద్రపోయాను. మీ మరదలు వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళింది. ఆనంద కాసేపు పెరట్లోకి వెళ్ళి ఉండవచ్చు. నేను చూడలేదు కాబట్టి వెళ్ళిందనీ అనలేను, వెళ్ళలేదనీ అనలేను. చిన్నపిల్ల. దాన్ని తిట్టొద్దని బావకు చెప్పు.

యంత్రం సంగతి డాక్టరమ్మతో మళ్ళీ ఎత్తనక్కర్లేదు. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. ఇరవయ్యో తేదీ బెంగుళూరు కంపెనీవాళ్ళు తనిఖీకి వస్తున్నారు. వాళ్ళు కొనే సరుకు తయారయ్యేచోట కిరణం బయటికి రాకుండా కట్టుదిట్టాలు ఉన్నాయని కాగితం కావాలట. ఆ పనిలో తలమునకలుగా ఉన్నాను. అందుకే ఇంతకంటే రాయలేకపోతున్నాను.

దామోదరం

*

చిత్తూరు,
28 మార్చి 1980

దామోదరం,

నీ ఉత్తరం చూసుకుని మీ బావ ఆనందను కాణిపాకం తీసుకెళ్ళాడు. వద్దని నేను అనలేదు, వెంట కూడా వెళ్ళాను. అది ముందు రాసేస్తున్నాను.

అక్కడ దేవుడి ఎదుట అబద్ధం ఆడేందుకు ఎంతటివాడైనా జంకుతాడని నీకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆ గుడి ముందు అంగడి పెట్టుకున్న మనిషి, ఊళ్ళవాళ్ళ ప్రమాణాలు ఎన్నో చూసిన మనిషి, సొంత కూతుర్ని తెచ్చి నిలబెట్టాడు. తెలిసినవాళ్ళంతా అంగళ్ళు వదిలి వచ్చి చూశారు. ఆనంద కోనేట్లో మునిగి తడిబట్టలతో వణుకుతోంది. అయినా గొంతు వణకలేదు. "నేను గ్రహణం సూడలేదు. గడప దాటలేదు" అంది. పూజారి హారతి ఇచ్చాడు. కళ్ళకద్దుకుంది.

ఇంటికొచ్చాక మీ బావ నాతో, "మునిరత్నం, ఆ బిడ్డ నిజమే సెప్పింది. మరి కన్ను ఎట్లా కాలింది?" అన్నాడు.

ఆ మాట నేను నీ ఉత్తరం రాక ముందే అడగాల్సింది. ఆనందను వంటింట్లోకి పిలిచి, నీ మొదటి ఉత్తరం చేతిలో పెట్టుకుని అడిగాను. చివరికి ఏడ్చి చెప్పింది. "అమ్మా, కంట్లో మచ్చ వచ్చిన పొద్దు మూత తెరిసే ఉండాది. ఎప్పుడూ తెరిసే ఉంటాది. స్విచ్‌ని మామే కట్టేసినాడు. సెప్తే మామ ఉద్యోగం పోతాది, అత్త యాడికి పోతాది?"

డాక్టరమ్మ అడిగినప్పుడు అది తల ఎందుకు దించుకుందో నాకు ఇప్పుడు తెలిసింది. అది నిన్ను కాపాడుకుంటూ వచ్చింది. నువ్వు దాని మీద "వెళ్ళి ఉండవచ్చు" అని రాశావు.

మీ బావకు ఇంకా చెప్పలేదు. నీ నోటి నుంచి వినాలని ఆగాను.

మునిరత్నమ్మ

*

తిరుపతి,
3 ఏప్రిల్ 1980

అక్కా,

ఆనంద చెప్పిందంతా నిజం. అది చెప్పనిది కూడా ఉంది. రాస్తాను.

ఒక్కో బిళ్ళ పెట్టడానికి మూత ఎత్తాలి, మళ్ళీ వేయాలి. కిరణం తిరిగి సిద్ధం కావడానికి కొంత సమయం పట్టేది. జనవరిలో నేను ఒక రాగి తీగ ముక్కతో స్విచ్ బొడిపెను కిందికి నొక్కి కట్టేశాను. ఇక మూత ఎత్తి ఉన్నా, వేసే ఉందని యంత్రం అనుకుంటుంది. నీకు రాస్తే అర్థం కాదన్న ఉపాయం అదే. యంత్రంతో రెండు జతల ప్రత్యేకమైన కళ్ళద్దాలు వచ్చాయి. వాటిలోంచి బిళ్ళలు సరిగా కనబడటం లేదని ఆడపిల్లలు అంటే బీరువాలో పెట్టించాను. తీగ కట్టిన తర్వాత కూడా రోజూ పొద్దున "స్విచ్ సరిగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టాను. పెట్టేటప్పుడు నాకు ఏమీ అనిపించలేదక్కా. అది రాయడానికే ఇప్పుడు ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి పద్దెనిమిది, సోమవారం. పదకొండు గంటలవేళ. ఒక బిళ్ళ వంకరగా కూర్చుంటే ఆనంద వంగి పట్టకారుతో సరిచేస్తోంది. మెరుగు పెట్టిన ఉక్కు పట్టకారు. కిరణం దాని మీద పడి పైకి తిరిగింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అది తల ఎత్తి, "మామా, కంట్లో టప్పుమనింది. ఇప్పుడు నట్టనడుమ నల్లగా ఉండాది, సూడు" అంది.

ఏమయిందో నాకు అప్పుడే తెలిసింది. యంత్రం బిగించడానికి వచ్చిన జర్మనీ ఇంజినీరు సరిగ్గా ఇదే చెప్పి హెచ్చరించి వెళ్ళాడు. నేను ఏం చేశానో తెలుసా? "పోయి కండ్లు కడుక్కోమ్మా" అన్నాను. అది కుళాయి దగ్గరికి వెళ్ళగానే తీగ విప్పి జేబులో వేసుకున్నాను. ముందు దాని కన్ను చూడలేదు.

గ్రహణం రోజున మీ మరదలు ఇంట్లోనే ఉంది. నేను నిద్రపోలేదు. ముగ్గురం తలుపులు వేసుకుని విత్తనాలకు వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నాం. డాక్టరమ్మ గ్రహణమన్నదని నువ్వు రాసిన రోజు, దేవుడు దారి చూపించాడని అనుకున్నాను.

ఇంకా ఉంది. ఇరవయ్యో తేదీ బెంగుళూరువాళ్ళు వచ్చారు. మూత ఎత్తి చూపించాను, కిరణం ఆగింది. కళ్ళద్దాలు బయట పెట్టాను. రిజిస్టరు చూసి, "ఒక్క రోజు కూడా సంతకం తప్పలేదే!" అని మెచ్చుకుని, కాగితం మీద ముద్ర వేసి వెళ్ళారు. ఆర్డరులో ఇంకా పదివేల బిళ్ళలు మిగిలి ఉన్నాయి. మరుసటి రోజు తీగ మళ్ళీ కట్టాను. ఆనంద కుర్చీలో ఇప్పుడు ఏర్పేడు నుంచి వచ్చే చెంగమ్మ అనే పిల్ల కూర్చుంటోంది. నాలుగు నెలల క్రితమే పెళ్ళయింది. పని చేస్తూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. ఆ పిల్ల వంగినప్పుడల్లా నేను గోడ వైపు తిరుగుతున్నాను.

నేనేం చేయాలో నువ్వు చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

దామోదరం

*

చిత్తూరు,
8 ఏప్రిల్ 1980

దామోదరం,

నీ ఉత్తరం ఆనందకు చదివి వినిపించాను. చివరిదాకా విని అది అడిగిన మాట ఒక్కటే. "ఆ తీగ ఇంకా అట్లే ఉండాదా?"

నా కాళ్ళు పట్టుకోవద్దు. ఉత్తరం అందగానే వెళ్ళి ఆ తీగ విప్పు. ఈ పాటికే విప్పి ఉంటే మంచిది. చెంగమ్మకు, వాళ్ళ ఇంట్లోవాళ్ళకు సంగతి చెప్పి ఆ పిల్ల కళ్ళు చూపించు. వేలూరు డాక్టరమ్మకు నిజం రాయి. బెంగుళూరువాళ్ళకు రాయి. ఇక్కడ చిత్తూరులో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసు ఉంది, అక్కడికీ రాయి. తర్వాత కాణిపాకం వచ్చి మీ బావకు చెప్పు. ఆనంద ప్రమాణం చేసినప్పుడు చూసినవాళ్ళు అక్కడే ఉంటారు. వాళ్ళు వినేలా చెప్పు.

నేను కూడా నా బిడ్డ మాట నమ్మలేదు. ఆ సిగ్గు నాది. దాన్ని నీ మీదికి నెట్టను.

మునిరత్నమ్మ

*

తిరుపతి,
26 ఏప్రిల్ 1980

అక్కా,

పన్నెండో తేదీ నీ ఉత్తరం వచ్చింది. నిజం చెబుతున్నాను, అప్పటిదాకా తీగ అలాగే ఉంది. ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్ళి, యంత్రం ఆపించి, పదహారుమంది ఆడపిల్లల ముందు విప్పాను. పరంధామయ్య గారు గదిలోంచి వచ్చారు.

"ఏమప్పా ఇది? ఆర్డరు ఇంకా ముగియలేదు గదా!"

"మా ఆనంద కన్ను దీనివల్లనే పోయింది సార్. గ్రహణం కాదు."

ఆయన లోపలికి పిలిచి తలుపు వేశారు. "నేను కట్టమన్న్యానా?" అన్నారు.

"లేదు సార్. నేనే కట్టినాను. మూత తెరిచి పని జరగడం మీరు రోజూ చూసినారు."

ఆయన లేచి తలుపు తీశారు. "ఇంటికి పో దామోదరం. రేపట్నుంచి రావద్దు" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నువ్వు చెప్పిన మూడు ఉత్తరాలూ ఆ రోజే రాసి, రిజిస్టరు పోస్టులో పంపాను. పద్దెనిమిదిన ఇన్‌స్పెక్టరు వచ్చి యంత్రానికి సీలు వేశాడు. నన్ను పిలిపించి వాఙ్మూలం రాసుకున్నాడు. రిజిస్టరులో తీగ కట్టిన తర్వాత పెట్టిన సంతకాలు చూపించమంటే, పేజీ పేజీ తిప్పి ఒక్కోదాని మీద వేలు పెట్టి చూపించాను. కేసు పెడతారు. పెట్టనీ. ఆడపిల్లలందరినీ ప్రస్తుతానికి ఇంటికి పంపేశారు.

ఏర్పేడు వెళ్ళాను. చెంగమ్మ వాళ్ళ అత్త కుప్పమ్మ వాకిట్లోనే ఆపింది. "పని పోగొట్టింది సాలదా? ఇప్పుడు కండ్లు పోయినాయని ఊరంతా సెప్పేదానికి వచ్చినావా? మా కోడలు కండ్లు బాగుండాయి, నువ్వు పో!" అంది. వేలూరు తీసుకెళ్తానని ఎంత చెప్పినా వినలేదు. చెంగమ్మ లోపలి నుంచి చూస్తూ నిలబడింది. మళ్ళీ రెండుసార్లు వెళ్ళాను. తలుపు తీయలేదు.

నిన్న కాణిపాకం వెళ్ళాను. నువ్వు చెప్పినట్టే అందరూ ఉండగా చెప్పాను. బావ ఎవరికో టెంకాయ అందిస్తున్నాడు. ఇచ్చి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని, "మళ్ళీ సెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పాను. కొడతాడనుకున్నాను. ఆయన అరుగు మీద కూలబడి, "నా బిడ్డను అందరి ముందరా నిలబెట్టినానే! నేను నిలబెట్టినానే!" అని తల కొట్టుకున్నాడు. పక్క అంగడి మునెయ్య వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. చివరికి మునెయ్యే, "ఇంక పో అబ్బా" అన్నాడు.

దామోదరం

*

చిత్తూరు,
4 మే 1980

దామోదరం,

నువ్వు కాణిపాకం వచ్చిన రోజు మీ బావ పొద్దు వాలక ముందే ఇంటికొచ్చి, ఆనంద ఎదురుగా కింద కూర్చుని, "నిన్ను నమ్మలేదుమా" అన్నాడు. "సరే నాయనా" అని అది లోపలికి వెళ్ళిపోయింది. ఆయనకు అన్నం మాత్రం అదే వడ్డించింది.

వేలూరు నుంచి డాక్టరమ్మ జవాబు రాసింది. చీటీలో రాసింది కొట్టేసి సరిగా రాశానంది. గ్రహణం చూసినవాళ్ళలో కొందరికి ఏళ్ళు గడిచే కొద్దీ కాస్త చూపు తిరిగి వస్తుందట. ఈ కిరణం వల్ల కాలినదానికి ఆ ఆశ కూడా తక్కువేనంది.

నువ్వు ఇప్పుడప్పుడే ఇక్కడికి రావద్దు. ఉత్తరాలు మాత్రం మానొద్దు. నేను వెంటనే జవాబు రాయకపోతే ఏమీ అనుకోకు. నువ్వు నా తమ్ముడివే. ఆ మాట రాయడానికి నాకు ఈ వారమంతా పట్టింది.

చెంగమ్మ గురించి నువ్వు రాసింది ఆనందకు చదివాను.

అక్క

*

చిత్తూరు,
9 జూన్ 1980

మామకు,

అమ్మ రాస్తానంది. నేనే రాస్తానన్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

పోయిన గురువారం నేను ఏర్పేడు వెళ్ళాను. చెంగమ్మ వాళ్ళ అత్త మొదట నన్నూ రానివ్వలేదు. నేను ఎడమ కన్ను చేత్తో మూసుకుని, "అవ్వా, ఇప్పుడు నీ మొగం నాకు కనబడలేదు" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తర్వాత తనే చెంగమ్మను చీర మార్చుకు రమ్మంది.

శనివారం ముగ్గురం వేలూరు వెళ్ళాం. డాక్టరమ్మ చెంగమ్మను చీకటి గదిలో కూర్చోబెట్టి, రెండు కళ్ళూ నావి చూసినంతసేపూ చూసింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. వాళ్ళ అత్త నా చెయ్యి వదల్లేదు.

చెంగమ్మ కళ్ళు రెండూ బాగున్నాయి. ఎక్కడా కాలలేదు. గోడ మీది అక్షరాల పటంలో అన్ని వరసలూ చదివింది, చివరి చిన్న అక్షరాలతో సహా.

ఈ సంగతి మీకు తెలియాలని రాస్తున్నాను. ఇప్పటికి ఇంతకంటే రాయలేను.

ఆనంద